తాగని మందు మానేశాను

సోమవారం

మా అమ్మాయి నవల అచ్చేస్తున్నారు! ఎవరో చిన్నాచితకా వాళ్ళు కాదు, పుస్తకాల షాపుల్లో అద్దాల వెనక నిలబెట్టే పుస్తకాలు వేస్తారే, ఆ పెద్ద సంస్థ వాళ్ళు! ఒప్పందం మీద సంతకాలు కూడా అయిపోయాయి. ఇది బాగా పోతే రెండో పుస్తకం కూడా వాళ్ళకే రాసివ్వాలట. అప్పుడు టైపింగు సెంటర్ ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని రాసుకోవచ్చట. రాసుకుంటూ బతకడం! మా ఇంట్లో పుట్టిన మనిషి! నేను చదివింది ఏడో తరగతి. ఉద్యోగమంతా బస్సు డిపోలో సీట్లు కుట్టాను. రెక్సిన్, కొబ్బరి పీచు, స్పాంజి, రబ్బరు సొల్యూషన్, ఇదీ నా విద్య. నా కూతురు రచయిత్రి!

చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే చెప్పింది. నేను చొక్కా వేసుకుని బయటికి పరిగెత్తబోతే చెయ్యి పట్టుకు లాగింది.

"పుస్తకం బయటికి వచ్చేదాకా ఎవ్వరికీ చెప్పకు నాన్నా. మధ్యలో ఏదైనా తేడా వస్తే నలుగురిలో నవ్వులపాలవుతాం."

"నేనెందుకు చెబుతాను?"

"మీ నాన్నకి చెప్పడం కంటే మైకు పెట్టించడం నయమే," అంది వాళ్ళమ్మ వంటింట్లోంచి.

తల్లీ కూతుళ్ళు కలిసి ఒట్టు వేయించుకున్నారు. అందుకే ఈ డైరీ. డిపో దగ్గర రెక్సిన్ షాపు వాడు ఎప్పుడో ఇచ్చింది, ఖాళీగా పడి ఉంది. ఇందులో రాస్తే చెప్పినట్టు కాదు.

ఇంత సంతోషంగా ఉండి కూడా కోపం వస్తోంది. దాని కథలు తిప్పి పంపిన పత్రికల వాళ్ళందరి మీదా వస్తోంది. నవల చదవకుండానే వెనక్కి పంపిన నాలుగు ప్రచురణ సంస్థల మీదా వస్తోంది. అందరికంటే ఎక్కువ మా బావమరిది మీద వస్తోంది.

మంగళవారం

ఎవరికీ చెప్పలేదు. పాలవాడికి తప్ప. పాలవాడు చుట్టం కాదు.

గురువారం

బావమరిది వచ్చాడు. పెద్ద ఆఫీసులో హెడ్ క్లర్క్‌గా చేసి రిటైరయ్యాడు. అప్పటినుంచి చుట్టాలందరి ఇళ్ళనీ తనిఖీ చేస్తున్నాడు. వచ్చీ రాగానే కుర్చీ కాలు వంగిందన్నాడు. తరవాత అమ్మాయి సంగతి ఎత్తాడు.

"ఏం బావా, మేనకోడలు ఇంకా రాస్తూనే ఉందా?"

"రాస్తోంది."

"రాతలతో ఇల్లు గడిచేటట్టయితే మా ఆఫీసు గుమస్తాలందరూ మేడలు కట్టాల్సింది. రోజుకెన్ని పేజీలు రాసేవాళ్ళమనుకున్నావ్?"

"నువ్వు రాసినవి ఎవరైనా చదివారా?"

"ఆఫీసరు చదివేవాడు!"

"జీతం తీసుకుని చదివాడు," అన్నాను.

మా ఆవిడ మధ్యలోకి వచ్చి కాఫీ గ్లాసు వాడి చేతిలో పెట్టి, నా కాలు తొక్కింది. ఇంకో ముక్క అయితే బయటికి వచ్చేసేదే. నాలుక కొరుక్కున్నాను. నిజంగానే కొరుక్కున్నాను, అన్నం తినేటప్పుడు మండింది.

వెళుతూ వెళుతూ అమ్మాయి టేబుల్ మీద వేలు గీసి దుమ్ము చూసుకున్నాడు. ఒరేయ్, ఆ టేబుల్ ఎవరిదనుకున్నావురా? రాసుకోవడానికి చేతులు పట్టేంత వెడల్పు కావాలంటే నేనే పాత బస్సు పలకతో చేశాను. ఆగు. పుస్తకం రానీ.

శనివారం

ప్రూఫులు వచ్చాయి. అంటే అచ్చుకి ముందు తప్పులు చూసుకోవడానికి ఇచ్చే కాగితాలు. అమ్మాయి పనికి వెళ్ళింది. టేబుల్ మీద ఉన్నాయి. నన్ను చదవొద్దని అనలేదు. చదవమనీ అనలేదు.

మొదటి పేజీలోనే ఒక తండ్రి. బస్సు సీట్లు కుట్టేవాడు! నన్ను పెట్టింది! అనుకుంటూ కళ్ళజోడు తుడుచుకుని చదివాను.

వాడు తాగుబోతు.

అలా ఇలా కాదు. జీతం రోజు ఇంటికి రాడు. కూతురి బడి పుస్తకాలు అమ్ముకుని తాగుతాడు. పెళ్ళాం గాజులు లాక్కుంటాడు. వాడి చొక్కా వాసన దూరంనుంచే తెలుస్తుందట. నా చొక్కా వాసన కూడా దూరంనుంచే తెలిసేది, కానీ అది రబ్బరు సొల్యూషన్‌రా దేవుడా! స్పాంజి అతికించే జిగురు! దాని ఘాటుకి కళ్ళు ఎర్రబడేవి. అప్పట్లో పక్కింటి వాళ్ళు కూడా హాస్యమాడేవాళ్ళు, పొద్దున్నే పుచ్చుకున్నావా అని. నేను జన్మలో ఒక్క చుక్క ముట్టలేదు. అమ్మాయికి తెలియదా?

మూడో అధ్యాయంలో వాడు ఇంటికి వచ్చే ముందు వీధి కుళాయి దగ్గర ఆగుతాడు. ముఖం కడుక్కుంటాడు. తడి చేత్తో జుట్టు దువ్వుకుంటాడు. పిల్ల చూడకూడదని. పిల్ల కిటికీలోంచి అంతా చూస్తూనే ఉంటుంది.

ఆ కుళాయి సంగతి... సరే, వదిలెయ్.

చివర్న అట్ట నమూనా ఉంది. దాని మీద ఎర్ర పట్టీ: రచయిత్రి సొంత జీవితం.

సొంత జీవితమట! అంటే సొంత తండ్రేగా! రేపు ఈ పుస్తకం అద్దాల వెనక నిలబెడతారు. మా చుట్టాలందరూ కొంటారు. కొనరు, అడుక్కుని చదువుతారు. నేను జీవితమంతా వంచిన నడుము, నా గౌరవం, అన్నీ గంగలో కలిశాయి. అరికాలి మంట నెత్తికెక్కింది.

శనివారం, సాయంత్రం

అది రాగానే కాగితాలు దాని ముందు పడేశాను.

"ఎవడే వీడు?"

"నవల్లో తండ్రి, నాన్నా."

"సీట్లు కుట్టే తాగుబోతులు ఊళ్ళో ఎంతమంది ఉన్నారే?"

"మొదట రాసినప్పుడు నువ్వే ఉన్నావు. మంచివాడివి. వీళ్ళ ఎడిటర్‌గారు చదివి, తండ్రి మరీ మంచివాడు, మంచివాడితో కథ కదలడం లేదు అన్నారు."

"నేను కదలకుండా కూర్చుని సీట్లు కుట్టబట్టేగా నువ్వు కదులుతున్నది!"

"అరవకండి, కిటికీ తీసి ఉంది," అంది మా ఆవిడ.

"తీసే ఉండనీ! తాగుబోతు అరుస్తున్నాడనుకుంటారు!"

మరి ఆ ఎర్ర పట్టీ ఏమిటని అడిగాను. అమ్మాయి తల వంచుకుంది. మార్చి రాసిన తరవాత ఎడిటర్ చదివి ఏడ్చాడట. ఇది మీ జీవితమేనా అని అడిగాడట. ఇది ఏమీ మాట్లాడలేదట. మాట్లాడకపోతే అవునని అనుకున్నాడట.

"కాదని చెప్పడానికి నోరు లేదా? కాగితం మీద ఇంత నోరుందే!"

"నాలుగు చోట్ల కాదన్నారు నాన్నా. ఐదో చోట నేను కాదనలేకపోయాను."

అన్నం తినకుండా లేచాను. ఆకలేసింది. అయినా తినలేదు.

ఆదివారం

మాటల్లేవు. మిగతా ప్రూఫులు చదివేశాను, తప్పులు పట్టుకోవాలని. ఆ తాగుబోతు ఆసుపత్రిలో పడి కూతురి కోసం తలుపు వంక చూసే చోట ఏడుపొచ్చింది. ఎవడి కోసం ఏడుస్తున్నానో తెలిసి ఇంకా కోపమొచ్చింది.

ఎందుకంత బాగా రాయాలి? కొంచెం చెత్తగా రాసి ఉంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదుగా!

సోమవారం

ఇస్త్రీ చొక్కా వేసుకుని, డిపో వాళ్ళు రిటైర్‌మెంట్ రోజున ఇచ్చిన మెచ్చుకోలు పత్రం సంచిలో పెట్టుకుని ఆ ఆఫీసుకి వెళ్ళాను. ఇంట్లో మాత్రం కళ్ళజోడు బాగుచేయించడానికని చెప్పాను.

ఆఫీసు నేననుకున్నంత పెద్దది కాదు. గోడల పొడుగునా తాళ్ళతో కట్టిన పుస్తకాల కట్టలు. సందులో పక్కకి తిరిగి నడవాలి. ఎడిటర్ నలభై ఏళ్ళవాడు, చొక్కా జేబుకి సిరా మరక. ఫలానా అమ్మాయి తండ్రినని చెప్పానో లేదో లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరేనా ఆ నాన్నగారు! కూర్చోండి, కూర్చోండి. టీ తాగుతారా? టీ పరవాలేదుగా?"

టీ పరవాలేదా ఏమిటి? నేనేమైనా పథ్యంలో ఉన్నానా?

"చూడండీ, నేను ఎన్నడూ మందు ముట్టలేదు," అన్నాను, కూర్చోకుండా.

ఎంతో శాంతంగా తల ఊపాడు. "అలాగే అనుకోవాలండీ. రోజూ పొద్దున్నే లేచి అలాగే అనుకోవాలి. మా మావయ్య అలా అనుకునే బయటపడ్డాడు."

"అనుకోవడం కాదయ్యా, నిజంగానే ముట్టలేదు!"

కోపంతో చెయ్యి వణికింది. ఆయన ఆ చెయ్యి చూశాడు.

"వణుకు ఇంకా ఉందన్నమాట. మెల్లిగా పోతుంది లెండి."

సంచిలోంచి మెచ్చుకోలు పత్రం తీసి టేబుల్ మీద పెట్టాను. క్రమశిక్షణ కల ఉద్యోగి అని రాసి ఉంటుంది అందులో. చదివాడు. "ఇంత నరకంలో కూడా ఉద్యోగం నిలబెట్టుకున్నారు చూడండి, అది గొప్ప," అన్నాడు.

గొంతు పెంచాను. నా కూతురు రాసింది కల్పన అని, నేను కుట్టిన సీట్ల మీద ఈ ఊరంతా కూర్చుందని, నా గురించి అడిగి తెలుసుకోమని అరిచాను. ఆయన ముఖం మారిపోయింది. తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు.

"అంటే పుస్తకంలో ఉన్నది అబద్ధమా?"

అవుననబోయాను.

"చెప్పండి. నిజజీవితం అనే మేం తీసుకున్నాం. అట్ట మీద అదే వేస్తున్నాం. రేపు ఎవరో ఇదంతా ఒట్టిది అంటే మా సంస్థ పరువు పోతుంది. ఒట్టిదైతే ఇప్పుడే చెప్పండి. ఇవాళే ఆపేస్తాను."

ఆయన వెనక గోడకి అట్ట అంటించి ఉంది. ఇంట్లో చూసింది చిన్న నమూనా. ఇది పెద్దది, రంగుల్లో ఉంది. మా అమ్మాయి పేరు. ఒక్కో అక్షరం నా అరచెయ్యంత. బడిలో వేసినప్పుడు ఆ పేరు రాయమంటే పంతులుగారికి నేనే రాసి చూపించాను. అప్పుడు ఇంత బాగా లేదు.

"మానేశానండీ," అన్నాను.

"ఎన్నాళ్ళయింది?"

"చాలా కాలమైంది."

"ఎలా మానగలిగారు?"

ఇది అడుగుతాడనుకోలేదు. మళ్ళీ అట్ట వంక చూశాను. "అమ్మాయి ముఖం చూసి," అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. వెధవ! నన్ను మెట్ల దాకా దించి, ఆటో పిలవనా అన్నాడు. తూలుతాననుకున్నాడు కాబోలు.

దారంతా పళ్ళు కొరుక్కుంటూ వచ్చాను. బస్సులో సీటు కుట్టు ఊడి ఉంది. దాని మీద కూడా కోపమొచ్చింది.

"కళ్ళజోడు బాగైందా?" అంది మా ఆవిడ.

"మందు మానేసొచ్చాను," అన్నాను.

నుదుటి మీద చెయ్యి వేసి జ్వరమేమో చూసింది. అంతా చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వి నవ్వి, ఉన్నట్టుండి లోపలికి వెళ్ళిపోయింది. ఈ సంగతి అమ్మాయికి చెప్పొద్దని ఈసారి నేను ఒట్టు వేయించుకున్నాను.

మంగళవారం

అమ్మాయి నాతో మాట్లాడింది, ఉప్పు అందుకోమని. అందించాను. తాగుబోతులా అందించాను.

బుధవారం

కొంప మునిగింది. ఆ ఎడిటర్ అమ్మాయికి ఫోన్ చేశాడు. పుస్తకం విడుదలకి సభ పెడుతున్నారట, వేదిక మీద నేను కూడా మాట్లాడాలట. మారిన తండ్రిగా! నాకు దండ వేస్తారట.

ఫోన్ పెట్టేసి నా గదిలోకి వచ్చింది. చిన్నప్పుడు అబద్ధమాడి దొరికిపోతే నేను దాని ముందు నిలబడినట్టు నా ముందు నిలబడింది.

"ఏమని చెప్పావు నాన్నా ఆయనకి?"

"ఏముంది, అడిగాడు, చెప్పాను."

"తాగేవాడినని చెప్పావా?"

"మానేశానని చెప్పాను. అది మంచి మాటేగా!"

"నిన్నెవరు చెప్పమన్నారు?"

"నువ్వే! పుస్తకమంతా రాశావు, నేను ఒక్క ముక్క అంటే తప్పా?"

కిందికి జారి గోడకి ఆనుకుని కూర్చుంది. నేనూ మంచం మీద కూర్చున్నాను. అది చెప్పినవి గుర్తున్నంత వరకు రాసుకుంటున్నాను, ఎందుకంటే నాకు సగమే అర్థమైంది.

"ఆయన మార్చమన్నాడని మార్చలేదు నాన్నా. అనగానే నాకూ నీలాగే కోపమొచ్చింది. ఊరికే ఒక పేజీ రాసి చూద్దామని కూర్చున్నాను. వాడు లేచి నడిచాడు. అప్పటిదాకా నా పుస్తకంలో ఎవరూ నడవలేదు. చొక్కా నీది. నడక బాబాయిది. ఆ కుళాయి దగ్గర ఆగడం, జుట్టు దువ్వుకోవడం..."

"తెలుసు," అన్నాను.

మా తమ్ముడు అలాగే వచ్చేవాడు మా ఇంటికి, అమ్మాయి చిన్నప్పుడు. ఇప్పటికీ తాగుతాడు. ఊరి అవతల ఒక్క గదిలో ఉంటాడు. ప్రూఫులు చదివిన రోజునే పోల్చుకున్నాను. రాయబుద్ధి కాలేదు.

"వాడిని నేను తీసెయ్యను నాన్నా. నేను రాసినవాటిల్లో అదే మంచిది. నువ్వు తిట్టినా తియ్యను. తప్పు నవల్లో లేదు. అట్ట మీద ఉంది. అది నేను ఊరుకోవడం వల్ల వచ్చింది. రేపు వెళ్ళి చెప్పేస్తాను."

"చెబితే ఆపేస్తానన్నాడు! నా ముఖం మీదే అన్నాడు!"

"ఆపితే ఆపుతాడు."

"నీకు పిచ్చా? రెండో పుస్తకం? టైపింగు సెంటర్? మళ్ళీ ఆ కుర్చీలో నడుం విరగ్గొట్టుకుంటావా? నేనెలాగూ తాగుబోతునైపోయాను, దండకి కూడా ఒప్పుకుంటాను, ఇంకేం కావాలి నీకు?"

"వేదిక మీద నిలబడి నువ్వు అబద్ధమాడుతుంటే, కింద కూర్చుని చప్పట్లు కొట్టలేను."

చప్పట్లు కొట్టకపోతే ఊరికే కూర్చోవచ్చుగా! ఈ చదువుకున్న వాళ్ళకి దేనికైనా సూత్రమొకటి ఉంటుంది. ఒళ్ళు మండిపోతోంది. నా పరువు నేనిచ్చుకుంటానంటే వద్దనడానికి ఇదెవరు?

గురువారం

వెళ్ళింది. ఇంకా రాలేదు.

కోపం దాని మీద. ఎడిటర్ మీద. కదలని నా మంచితనం మీద. మా ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆ బియ్యంలో రాళ్ళు లేవు. నిన్నే ఏరింది.

దండ వేస్తే ఏం మాట్లాడాలో కొంచెం అనుకుని పెట్టుకున్నాను కూడా. బాగా వచ్చింది.

శుక్రవారం

నిన్న అది వచ్చాక రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను, వరసగా రాస్తాను.

చెప్పేసిందట. మా నాన్న ఎప్పుడూ తాగలేదు, ఆ మనిషిని నేనే పుట్టించాను, మీరు అడిగినప్పుడు ఊరుకోవడం నా తప్పు అని. ఎడిటర్ మండిపడ్డాడట. ఆ అట్ట గోడ మీంచి పీకి చుట్ట చుట్టేశాడట, దాని కళ్ళ ముందే. ఈ మాట వింటుంటే నాకు వాడి గొంతు పట్టుకోవాలనిపించింది.

అప్పుడు ఇది అన్నదట: "సార్, మా నాన్న మీ ఎదురుగా నిలబడి తాగలేదని మొత్తుకున్నారు. కాగితం చూపించారు. అయినా మీరు ఆయన్ని నమ్మలేదు. పుస్తకాన్నే నమ్మారు. నవలకి ఇంతకంటే ఏం కావాలి?"

ఎడిటర్ చుట్టిన అట్ట చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిరిగాడట. టీ తెప్పించాడట. టీ తాగాక నవ్వాడట. "మీ నాన్నగారికి ఆటో పిలవనా అన్నానమ్మా నేను," అని ఇంకా నవ్వాడట.

ఎర్ర పట్టీ తీసేస్తున్నారు! నవల అని మాత్రమే ఉంటుంది! లోపలి పేజీలో ఈ కథలోని మనుషులు కల్పితం అని ఒక ముక్క. రెండో పుస్తకం ఒప్పందం అలాగే ఉంది! అయితే సొంత జీవితం కాదు కాబట్టి వీధుల్లో రంగు పోస్టర్లు ఉండవట, సభ ఉండదట. సభ ఎందుకు ఉండదు? నవలకి సభ పెట్టకూడదని ఎక్కడుంది? మొన్నటిదాకా ఏడ్చాడు, నిజం తెలియగానే కన్నీళ్ళు చవకైపోయాయా? సంతోషమే. సంతోషంతోనే తిడుతున్నాను.

రాత్రి భోజనాల దగ్గర "నువ్వు రాసిన తాగుబోతు బాగున్నాడు" అని అమ్మాయితో అన్నాను. అన్నం ముద్ద చేతిలో అలాగే పట్టుకుని ఏడ్చింది. వాళ్ళమ్మ, "ఇప్పుడు నిజంగానే ఎవరో తాగొచ్చిన ఇల్లులా ఉంది," అంది.

పుస్తకం వచ్చే నెలలో షాపుల్లోకి వస్తుంది. ఒట్టు తీసేశారు. ఇంక ఎవరికి కావాలంటే వాళ్ళకి చెప్పుకోవచ్చు. చెప్పాల్సినవాళ్ళు:

పెద్దక్క. చదువు రాదు, చెవులు సరిగ్గా వినపడవు. పక్కన కూర్చుని గట్టిగా చెప్పాలి. కల్పితం అన్న మాట ముందు చెప్పాలి. లేకపోతే తాగుబోతు దాకా రాగానే చేతికర్ర అందుకుంటుంది.

చెల్లెలు, వాళ్ళాయన. ఫోన్ చాలు. అది ఏడుస్తుంది, ఆయన ఎంతకి అమ్ముతున్నారని అడుగుతాడు.

మేనత్త కూతురు. వాళ్ళబ్బాయికి మా అమ్మాయిని అడిగి, రాతల పిల్ల మాకొద్దని వెనక్కి తగ్గింది. పుస్తకం పట్టుకుని స్వయంగా వెళ్ళాలి. కాఫీ ఇస్తే తాగకూడదు.

పిన్ని కొడుకు. వీడికి చెబితే మిగతా చుట్టాలకి నేను చెప్పక్కర్లేదు.

బావమరిది. ఊరికే ఇవ్వకూడదు, కొనుక్కోమనాలి. వీడికి మాత్రం కల్పితం అని చెప్పకూడదు. ఇన్నేళ్ళూ వచ్చి తనిఖీ చేసి కూడా కనిపెట్టలేకపోయానే అని కుళ్ళిపోవాలి.

తమ్ముడు. వీడికి ఫోన్‌లో కుదరదు. ఆ కుళాయి గురించి ఇంకెవరి నోటినుంచో వినకూడదు. నేనూ అమ్మాయీ వెళ్ళాలి, తనే చదివి వినిపిస్తానంది. పొద్దున్నే వెళ్ళాలి, వాడు ఇంకా మొదలుపెట్టకముందు. చివర రాశాను గానీ, ముందు వెళ్ళేది వీడి దగ్గరికే.